రాకుమారి మడమ

నా నోటితో నేనొక మనిషిని అబద్ధాలకోరు అన్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆ మాట తప్పని నాకు తెలిసింది పోయిన నెలలో, మధ్యాహ్నం భోజనం వేళ, చేతిలో చారు గరిటె ఉండగా. ఈ రెంటికీ మధ్య నేను చదువుకున్నాను, ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకి పాఠాలు చెప్పాను, పుస్తకాలు రాశాను, నిజం గురించి సభల్లో మైకు పట్టుకుని గట్టిగా మాట్లాడాను కూడా. ఆ మనిషి మాత్రం అన్నాళ్ళూ నేనన్న మాటని మోస్తూనే బతికింది. ఆవిడ మా నాన్నకి చెల్లెలు. పేరు రూతు. నాకు రూతత్త.

పోయిన నెల రాజమండ్రిలో మా ఇల్లు వెతుక్కుంటూ నిహారిక అనే అమ్మాయి వచ్చింది. హైదరాబాదులో ఒక సినిమా దర్శకుడి దగ్గర సహాయకురాలు. పాతికేళ్ళుంటాయి. భుజాన సంచీ, కాళ్ళకి బూట్లు, మాట మాత్రం మన వైపు మాటే. తుని పిల్లట. వాళ్ళు పాతకాలపు సాహస కథ ఒకటి తీస్తున్నారు. నది మీద దోపిడీ దొంగలు, కోట, రాకుమారి, కత్తియుద్ధాలు, పడవల మీంచి గెంతులు అన్నీ ఉన్నాయి. మా పేటలో ఒకప్పుడు కర్రసాము ఉండేదని నేనెప్పుడో ఒక పుస్తకంలో నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలు పట్టుకుని వచ్చింది. రాసింది చదివి గుమ్మం దాకా వచ్చేవాళ్ళు ఎంతమంది ఉంటారు? సంతోషపడిపోయి ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టాను.

"మా సినిమాలో అందరూ ఉండాలండీ మేడం," అంది ముద్ద కలుపుతూ. "అన్ని రంగులవాళ్ళూ, అన్ని పేటలవాళ్ళూ. నల్లగా ఉన్నవాళ్ళంతా దొంగలు, తెల్లగా ఉన్నవాళ్ళంతా రాజులూ అంటే ఇప్పుడు జనం ఊరుకోరు కదండీ. రిప్రజెంటేషన్ అంటే మా డైరెక్టర్ గారికి చాలా పట్టుదలండి."

"మంచి పట్టుదలేనమ్మా," అన్నాను.

"అప్పట్లో ఎలా తీసేవారో చూస్తారా? ఇక్కడి లంకల్లోనే తీశారంటండి. ఈ మధ్యే పాత రీళ్ళు శుభ్రం చేసి నెట్‌లో పెట్టారు." ఎడం చేత్తో సంచీలోంచి ట్యాబ్ తీసి నీళ్ళ చెంబుకి ఆనించింది.

మొదటి బొమ్మకే గుర్తుపట్టాను. ఆ సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు వెళ్ళి చూస్తారు, ఒకచోట నవ్వుతారు. ఆ నవ్వు నేను ఒకసారి విన్నాను. అదెక్కడో, ఎందుకో తెలియాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మా పేట ఊరికి దిగువన, గోదావరి పాయ గట్టుని ఆనుకుని ఉండేది. ఊరికీ మాకూ మధ్య పంట కాలువ, దాని మీద దాటడానికి తాటి దుంగ. దుంగకి అటు రైతుల పెంకుటిళ్ళు, ఇటు మా తాటాకిళ్ళు, మా ఇళ్ళ మధ్యలో సున్నం వేసిన చిన్న చర్చి. మా నాన్న మిషను బడిలో మాస్టారు. తాత యాకోబు, నాయనమ్మ, అమ్మ, రూతత్త, అందరూ పొలం పనులకి వెళ్ళేవాళ్ళు. మా ఇంటి వాసన అంటే నాకు ఇప్పటికీ మూడే: పొయ్యి పొగ, ఎండు చేప, ఆముదం. ఆముదం తలకి కాదు, కర్రలకి. తాత దగ్గర నాలుగు వెదురు కర్రలుండేవి. వారానికోసారి వాటికి ఆముదం పట్టించి, పొయ్యి పైన అటక మీద పొగ తగిలేలా పడుకోబెట్టేవాడు. నాయనమ్మ పులుసు కలుపుతూ అప్పుడప్పుడు పైకి చూసి, "నా పులుసులో పడేది చేప నూనా, నీ కర్ర నూనా?" అని దెప్పేది. తాత మాట్లాడేదే తక్కువ. ఆదివారం పూట చుట్టని చర్చికి దూరంగా ఆర్పి చెవి మీద పెట్టుకుని, ప్రార్థన అయ్యాక బయటికొచ్చి ఆ ముక్కే మళ్ళీ ముట్టించే మనిషి. పాటలు పాడుతున్నంతసేపూ ఆయన చెవి దగ్గర్నించి చల్లారిన చుట్ట వాసన వచ్చేది. దేవుడి వాసన అదేనని నేను చాలాకాలం అనుకున్నాను.

కర్రసాము మా ఇంట్లో తరానికి ఒక్కరికే నేర్పేవారు. మామూలుగా అయితే అది మా నాన్నకి రావాలి. ఆయన చేతిలో సుద్దముక్క తప్ప ఇంకేదీ నిలిచేది కాదు. రెండుసార్లు తన మోకాలి మీదే కొట్టుకున్నాడట. దాంతో తాత కూతురికి నేర్పాడు. ఆడపిల్లకి కర్రేంటని పేటలో అందరూ అడిగారు. "పట్టుకున్నది ఎవరో కర్రకి తెలుసా?" అన్నాడట తాత. అంతకుమించి వాదన పెట్టుకోలేదు.

ఆ విద్యలో ఒక ఆచారం ఉంది. పూర్వం కర్ర ఎత్తేముందు వంగి మట్టిని ముట్టి కళ్ళకద్దుకునేవారు. మావాళ్ళు బాప్తిస్మం తీసుకున్నాక సంఘపెద్దలు అది కూడదన్నారు. నేలకి మొక్కకూడదు, సరే. కానీ అడక్కుండా దాని మీద ఎలా నిలబడతాం, ఎలా గెంతుతాం అని తాతకి పెద్ద ఇరకాటం వచ్చింది. చివరికి ఆయనే ఒక దారి కనిపెట్టాడు. వంగకుండా, తల దించకుండా, కుడి మడమతో నేలని రెండుసార్లు తట్టడం. మొదటి దెబ్బ మెల్లగా, రెండోది గట్టిగా. దాన్ని 'నేలనడగడం' అనేవాడు. చర్చివాళ్ళకి అభ్యంతరం చెప్పడానికి ఏమీ కనపడలేదు, నేలకి జరగాల్సిన మర్యాద జరిగింది. ఈ భూమ్మీద అలా మడమ తట్టేవాళ్ళు ఇద్దరే ఇద్దరు, మా తాతా, మా అత్తా.

రూతత్త పొడుగ్గా, నల్లగా, నవ్వితే పై పళ్ళన్నీ కనపడేలా ఉండేది. పొద్దున్నే ఇసకలో సాము చేసి, గోదాట్లో మునిగి, తడి జుట్టు ముడేసుకుని నాట్లకి వెళ్ళేది. నాకు ఎనిమిదేళ్ళు నిండగానే వెంటబెట్టుకెళ్ళి అడుగులు నేర్పడం మొదలెట్టింది. ముందు అడుగులు, తరవాత కర్ర, మడమ అన్నిటికన్నా చివర. నాకేమో ఆ మడమ మీదే కన్ను. రోజూ అడిగేదాన్ని.

"నేలనడగడం ఎప్పుడు నేర్పుతావత్తా?"

"నీకు కోపం తగ్గాక."

"నాకు కోపం లేదు!" అని అరిచేదాన్ని. ఆవిడ పై పళ్ళన్నీ కనపడేలా నవ్వేది.

అలాంటి రోజుల్లో సినిమావాళ్ళు మా లంకలో దిగారు. ఇసక తిన్నె మీద చెక్కలతో, గుడ్డలతో కోట లేచింది. జనం కావాలన్నారు. కాలువ గట్టు మీద కుర్చీ వేసుకుని, నల్ల గొడుగు కింద సినిమా మేనేజరు కూర్చున్నాడు. పక్కన మా ఊరి గుమాస్తా ఒకాయన నిలబడ్డాడు. ఊరివాళ్ళూ పేటవాళ్ళూ ఒకరి తరవాత ఒకరు ముందు నిలబడితే మేనేజరు మొహం చూసి ఒకే ఒక్క మాట అనేవాడు. "కోట" అంటే రాజుగారి సైనికులు, చెలికత్తెలు. "కొండ" అంటే కొండజాతి రాక్షస మూక. మా నాన్న పచ్చగా ఉండేవాడు, ఊళ్ళో చాలామంది రైతుల కన్నా తెల్లన. మేనేజరు ఆయన్ని చూసి "కో" అనబోయాడు. గుమాస్తా వంగి చెవిలో ఏదో అన్నాడు. మేనేజరు గొంతు సవరించుకుని "కొండ" అన్నాడు. మా నాన్న చొక్కా గుండీలు సర్దుకుని వెనక్కి తిరిగి బడికి వెళ్ళిపోయాడు. ఆ రోజు మాకు ఎక్కాలు అన్నీ తప్పులే చెప్పాడు. పేట మొత్తం కొండకి వెళ్ళింది. బొగ్గుపొడి నూనెలో కలిపి మొహాలకి పూశారు. నల్లవాళ్ళకి ఇంకా నలుపు ఎందుకని నాయనమ్మ అడిగితే, కెమెరాకి చాలదన్నారట.

రూతత్త వారం రోజులు వెళ్ళింది. నాలుగో రోజు సాయంత్రం ఆవిడ వచ్చేసరికి అందరం అన్నాల దగ్గర ఉన్నాం. గుమ్మంలోనే నిలబడి, ఆయాసంతో, సంతోషంతో, "ఒదినా, ఇయ్యాల నేను రాకుమారినయ్యాను!" అంది. రాకుమారి వేషం వేసిన నటి బదులు కత్తి తిప్పడానికి వాళ్ళు తెచ్చుకున్న మగమనిషి కోట మెట్ల మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. భోజనాల వేళ చెట్టు నీడన మా అత్త ఊసుపోక కర్ర తిప్పుతుంటే ఫైటు మాస్టరు చూశాడట. ఒళ్ళంతా తెల్ల పూత పూసి, పట్టు కట్టి, గజ్జెలు పెట్టి, మెట్ల మీద కత్తి తిప్పించారట. "మొహం ఆవిడది, చెయ్యి నాది," అంది. మా అమ్మ నవ్వి కంచం పెట్టింది. నాయనమ్మ, "రాకుమారి గారూ, చేతులు కడుక్కోండి," అంది. నమ్మింది నేనొక్కదాన్నే. తరవాత రెండు వారాలు ఆవిడ చేతుల మీద, పాదాల మీద చర్మం పొరలుగా ఊడింది. నాయనమ్మ కొబ్బరినూనె రాసింది. ఆ ఊడిన చర్మం అందరం చూశాం. బొగ్గు వల్లే అనుకున్నాం. అంత కళ్ళెదుటి సాక్ష్యాన్ని ఇంటిల్లిపాదీ ఎలా వదిలేశామో తలచుకుంటే ఇప్పుడు నాకు మతిపోతోంది.

ఆ సినిమా మా ఊరి డేరా హాలుకి వచ్చేసరికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా నేను బళ్ళో ఊరుకోలేదు. మా అత్త రాకుమారి అని కాలువకి ఇటూ అటూ చాటేశాను. మొదటి ఆటకి, సినిమా గడప తొక్కని తాత తప్ప పేటంతా కదిలింది. నేల మీద ఇసక పోగుచేసుకుని దాని మీద నేను, వెనకాల అత్త. ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది. తెర మీద రాకుమారి వచ్చింది. వరిపిండి ముద్దలా తెల్లటి మొహం. మా అత్త కాదు. ముందే చెప్పింది కదా, మొహం తనది కాదని. అయినా ఆ మొహంలో అత్తనే వెతికాను. ఇంతలో కోట మెట్ల మీద యుద్ధం వచ్చింది. కొండజాతి నాయకురాలు కత్తి పట్టుకుని, మెడలో ఎముకల దండతో, తెర నిండా మొహం పెట్టి పళ్ళు బయటపెట్టింది. ఆ పై పళ్ళు ఎవరివో పేటలో తెలియనివాళ్ళు లేరు. "రూతే! రూతురోయ్!" అని ఎవరో అరిచారు. డేరా అంతా పగలబడి నవ్వింది. నేను సిగ్గుతో మొహం మోకాళ్ళలో దూర్చేశాను. మళ్ళీ తల ఎత్తేసరికి రాకుమారి ఆ నాయకురాలిని పొడిచేసింది. చావగానే చప్పట్లు. కాలువ అవతలి సావిత్రి నా జడ పట్టుకు లాగి, "మీ అత్త రాకుమారన్నావు కదే? రాకుమారే చంపేసిందిగా!" అంది.

నేను లేచి నిలబడ్డాను. బొమ్మ వెలుగు నా మొహం మీద పడుతోంది. వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా, "మా అత్త అబద్ధాలకోరు!" అని అరిచాను.

మళ్ళీ నవ్వులు. ఈసారి ఇంకా పెద్దగా. నేను కూర్చున్నాక నా వీపు మీద అత్త చెయ్యి లేదు. అంతే. నన్ను తిట్టలేదు, కొట్టలేదు, ఇంటికి వెళ్ళేటప్పుడు దుంగ మీద జారకుండా రెక్క కూడా పట్టుకుంది. కానీ మర్నాడు పొద్దున్న ఇసక లోకి వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. తాత రెండుమూడు సార్లు అటక కేసి చూసి ఊరుకున్నాడు. ఆయన పోయాక ఆ కర్రల్లో ఒకటి బట్టలారేసుకునే దండెం అయింది. నా సాము అడుగుల దగ్గరే ఆగిపోయింది.

పిల్లలన్న మాటలు పెద్దవాళ్ళు మర్చిపోతారని మనం అనుకుంటాం. పేట మర్చిపోలేదు. ఆవిడకి 'రాకుమారి' అని పేరు పడిపోయింది. ఏ మాట చెప్పినా, "రాకుమారి గారు సెలవిచ్చారు," అనేవారు. ఒక వరదల కాలంలో గట్టు ఒకచోట చెమ్మగిలుతోందని ఆవిడ చెబితే నవ్వారు. రెండు రోజులకి సరిగ్గా అక్కడే గండి పడింది. గడ్డివాములూ కోళ్ళూ పోయాయి. అప్పుడైనా ఎవరూ వచ్చి "నువ్వు నిజమే చెప్పావు రూతూ" అనలేదు. పెళ్ళయి వెళ్ళింది, మొగుడు పోతే తిరిగొచ్చింది, కూలికెళ్ళింది, ముసలిదైంది. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా పలకరించేది. చేపల పులుసు పెట్టేది. సినిమా మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాపం, కుర్రతనంలో గొప్పలకి పోయి ఒక అబద్ధం ఆడింది అనుకుంటూ, పెద్దమనసుతో క్షమించేశాను. ఎంత పొగరో చూడండి.

మళ్ళీ చారు గరిటె దగ్గరికి వస్తాను. నిహారిక ఆ మెట్ల యుద్ధమే పెట్టింది. "చూడండి మేడం, ఎంత దారుణమో! ఆవిడ మొహానికి ఎంత నలుపు పులిమారో!" అంటోంది. నేను వినడం లేదు. తెర మీద రాకుమారి పాదాలు మాత్రమే కనపడుతున్నాయి. తెల్లటి పాదాలు, గజ్జెలు. మెట్లు దిగాయి, ఆగాయి. కుడి మడమ లేచి నేలని తట్టింది, మెల్లగా. మళ్ళీ లేచి తట్టింది, గట్టిగా.

గరిటె చేత్తో పట్టుకునే తెర మీదికి వంగాను.

"వెనక్కి పెట్టమ్మా."

పెట్టింది. మళ్ళీ అదే. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. ఆ వెంటనే ఎదుటి మెట్టు మీద నల్లటి పాదాలు. అవీ ఆగాయి. కుడి మడమ. మెల్లగా ఒకటి, గట్టిగా ఒకటి. తరవాత మేలిముసుగు వేసుకున్న రాకుమారి మనకి వీపు చూపిస్తూ కత్తి తిప్పుతుంది. ఎదురుగా మొహం చూపిస్తూ కొండ నాయకురాలు పళ్ళు నూరుతుంది. ఒకసారి ఇది, ఒకసారి అది. ఇద్దరూ కలిసి ఒకే బొమ్మలో ఒక్కసారైనా లేరు. ఎలా ఉంటారు? ఉన్నది ఒక్కరే. ఒక పూట తెల్లరంగు పూసి మొహం దాచేశారు. ఇంకో పూట నల్లరంగు పూసి మొహం చూపించారు. గెలిచేటప్పుడు మా అత్తకి మొహం లేదు, చచ్చేటప్పుడు ఉంది. తెల్లటి రూతు నల్లటి రూతుని పొడిచి చంపుతుంటే, ఆ రోజు డేరాలో మేమంతా చప్పట్లు కొట్టాం.

గరిటెలో చారు బల్ల మీద పారుతోంది. నిహారిక కంగారుగా, "మేడం, ఏమైందండి? ఒంట్లో బాలేదా?" అంటోంది. ఆ ఇద్దరూ ఒక్కరేనమ్మా, ఆవిడ మా మేనత్త, ఇంకా బతికే ఉంది అని చెప్పేసరికి ఆ పిల్ల తింటున్న ముద్ద కంచంలో వదిలేసింది. అరవై ఏళ్ళు దాటి, ఇన్ని చావులూ ఇన్ని వరదలూ చూసిన దాన్ని, నాకింక నివ్వెరపోయేంత సంగతి మిగల్లేదనుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం నేను నా గదిలో కూర్చుని గోడకేసి చూస్తూ, "అమ్మో, అమ్మో" అని మాత్రం అనగలిగాను.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కారులో బయల్దేరాం. ఇప్పుడు కాలువ మీద సిమెంటు వంతెన ఉంది. పేటలో తాటాకిళ్ళు లేవు, అన్నీ స్లాబు వేసిన కాలనీ ఇళ్ళు. అత్త వరండాలో నవారు మంచం మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఎనభైకి దగ్గర పడింది. పై పళ్ళలో రెండే మిగిలాయి.

"ఏంటే సుగుణా, కబురన్నా లేకుండా వచ్చేసేవు? ఈ పిల్లెవరు?"

"సినిమావాళ్ళ అమ్మాయత్తా. నీకొకటి చూపించాలని వచ్చాం."

సినిమా అన్న మాటకి ఆవిడ చేతిలో కాడ ఆగింది. నిహారిక మంచం పక్కన కింద కూర్చుని ట్యాబ్ ఆవిడ ఒళ్ళో పెట్టింది. మెట్లు, గజ్జెలు, తెల్లటి మడమ, నల్లటి మడమ. అత్త కదలకుండా చూసింది. నేను ఆవిడ మొహం చూస్తూ నిలబడ్డాను. తెల్లటి పాదాల దగ్గర సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ అక్కడ ఆగలేదు. కొండ నాయకురాలి మొహం రాగానే వేలు పెట్టి, "ఇక్కడాపమ్మా," అంది.

చాలాసేపు చూసింది.

"ఎంత చిన్నపిల్లనే నేను," అంది.

"అత్తా, నువ్వు చెప్పింది నిజం. ఆ రోజు డేరాలో నేను..." అన్ని సభల్లో మాట్లాడినదాన్ని, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాను. "నన్ను క్షమించత్తా. తప్పు చేశాను."

"పసిదానివి, నువ్వేం చేస్తావు?" అంది ఆవిడ, తెర మీంచి కళ్ళు తీయకుండా. "అదికాదే. మొదట్లో కోపం వచ్చింది. అందరూ అబద్ధమంటుంటే పట్టుదల కూడా వచ్చింది. తరవాత్తరవాత, ఏమో, నేనే కలగన్నానేమో అనుకున్నాను. నిజంగా నాకు పట్టుచీర కట్టారా? నేను కత్తి తిప్పేనా? ఆ డేరాలో నవ్వులు మొదలవగానే నేనూ తల దించేసుకున్నాను, తెర మీద నా కాళ్ళు నేనే చూడలేదు. రాత్రనక పగలనక అదే ఆలోచన. ఆఖరికి నేను అబద్ధమే ఆడేననుకున్నాను. చర్చిలో మోకాళ్ళేసి దేవుడికి ఒప్పేసుకున్నాను కూడానే. చెయ్యని పాపం ఒప్పుకుని ఏడ్చాను."

ఆవిడ మాట ఊరు నమ్మకపోవడం ఒక ఎత్తు. ఆవిడ చేతులు చేసిన పనిని ఆవిడే నమ్మకుండా పోవడం నేను కలలో కూడా ఊహించని సంగతి. దానికి మొదటి మాట నాది.

కాసేపటికి నిహారిక కళ్ళు తుడుచుకుని, వచ్చిన పని చెప్పింది. తమ రాకుమారికి కర్ర నేర్పమని అడిగింది. అత్త ఆ పిల్ల ఎలా ఉంటుందో చూపించమంది. ఫోన్లో ఫొటో చూపించింది. ఎక్కడో ఉత్తరాది అమ్మాయి, పాలమీగడలా ఉంది.

"రంగు తగ్గిస్తామండి మామ్మగారూ, మేకప్‌తో," అంది నిహారిక తడబడుతూ. "ఈ కథలో రాకుమారి మన డెల్టా పిల్ల కదండీ. నేచురల్‌గా ఉండాలని, నల్లగా చేస్తారు."

నాకు సరిగ్గానే వినపడిందా అనిపించింది. అప్పుడు నల్లపిల్ల చేతులు తెల్లగా చేసి వాడుకున్నారు. ఇప్పుడు నల్లదనమే గొప్పని తెలుసుకుని, దాన్ని కూడా డబ్బాలోంచి తీసి తెల్లపిల్లకి పూస్తున్నారు. మేనేజరు గొడుగు కింద "కోట, కొండ" అన్న రోజుల్లో అన్యాయం అన్యాయంలా కనపడేది. మా నాన్న గుండీలు సర్దుకుని వెళ్ళిపోగలిగాడు. ఇప్పుడు అది ఎంతో మర్యాదగా, మన మంచి కోరుతూ, మన అన్నం తిని మరీ వస్తోంది. నిహారిక మంచి పిల్ల, దాని మీద నాకు కోపం లేదు. అదే నన్ను ఇంకా నివ్వెరపరిచింది.

అత్త మాత్రం అడగాల్సింది అడిగింది. "కత్తి ఆ పిల్లే తిప్పుతుందా?"

"కష్టమైనవి డూప్ చేస్తుందండి. పేటల్లో అమ్మాయిల్నే చూస్తున్నాం."

"ఆ అమ్మాయి మొహం చూపిస్తారా?"

నిహారిక తల దించుకుంది. అబద్ధం చెబుతుందేమోనని భయపడ్డాను. "చూపించరండి," అంది చివరికి. "నేను అడుగుతాను. కానీ నా చేతిలో లేదండి."

"ఉన్నమాట చెప్పేవు," అంది అత్త. "నాకా రోజు ఆ ముక్క కూడా ఎవరూ చెప్పలేదు. పంపించు, ఇద్దర్నీ పంపించు. కర్ర నేర్పుతాను. మడమ మాత్రం నేర్పను. అది మొహం దాచుకునే వాళ్ళకి కాదు."

దర్శకుడికి ఫోను చేసి అడుగుతానని నిహారిక వంతెన వైపు వెళ్ళింది. గట్టిగానే వాదిస్తోంది, చెయ్యి ఊపుతోంది. మేమిద్దరం వరండాలో మిగిలాం. అత్త గోంగూర చేట పక్కకి పెట్టింది. పెరట్లో తాత కర్ర ఇంకా దండెంగానే ఉంది, ఆరేసిన చీర కింద. ఆముదం ఎప్పుడో ఇంకిపోయింది, కణుపులు మాత్రం అవే.

"అత్తా," అన్నాను. "నాకు నేర్పుతావా? మడమ."

ఆవిడ నన్ను పైనించి కింద దాకా చూసింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, మోకాలికి కట్టిన పట్టీ.

"కోపం తగ్గిందా?"

తగ్గిందని చెప్పబోయాను. ఆ మనిషి ముందు ఇంకో అబద్ధమా?

"లేదత్తా. నిన్నటి నించి ఇంకా ఎక్కువైంది."

ఆవిడ మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుంది. మెట్టు దిగి మట్టిలో నిలబడి, నా కాళ్ళ వైపు చూసింది.

"చెప్పులు విప్పు," అంది.